నాలుగో సీటు

మార్గరెట్ రివర్ వెళ్ళి వైన్ రుచి చూడకుండా తిరిగొచ్చామంటే పెర్త్‌లో ఎవరూ నమ్మరు. ఆ ఊరి పేరు ప్రపంచంలో సగంమందికి సీసా మీద చదివే తెలుసు. మూడు గంటలు డ్రైవ్ చేసి, ద్రాక్షతోటల మధ్యనుంచే పోతూ, ఒక్క గేటు లోపలికీ తిరగకుండా వచ్చేస్తారా అని దీపక్ ఆఫీసులో పగలబడి నవ్వారట. వచ్చేస్తామని అతని భార్య ఉదయలక్ష్మి పట్టుబట్టింది.

"అత్తయ్య వస్తున్నారుగా. ఆవిడ్ని బెంచీ మీద కూచోబెట్టి మనం గ్లాసులు తిప్పుకుంటూ నిలబడతామా? ఫారెస్ట్ ఉంది, లైట్‌హౌస్ ఉంది, కేవ్స్ ఉన్నాయి. వైన్ తప్ప అన్నీ చూద్దాం," అంది.

దీపక్ సరేనన్నాడు. పాపం, అతనికి నిజం తెలియదు. అత్తగారు ఒట్టి సాకు. శారదాంబది తెనాలి. భర్త పోయాక నాలుగేళ్ళుగా పెర్త్ శివార్లలో కానింగ్ వేల్‌లో కొడుకు దగ్గరే ఉంటోంది. కొడుకు చేతిలో గ్లాసు చూసి ముక్కు మూసుకునే రకం కాదు. "ఆ కషాయం ఏ రోగానికిరా?" అని వేళాకోళమాడే మనిషి. అసలు కారణం ఉదయ కడుపులో ఉంది. పదో వారం. గ్లాసు వద్దంటే దీపక్ ఎందుకని అడుగుతాడు, అడిగితే ఆమె ముఖమే చెప్పేస్తుంది.

చెప్పకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది. మూడో నెల దాటేదాకా నోరు మెదపొద్దని పెద్దవాళ్ళంటే ఇదివరకు నవ్వేది. మొదటిసారి అయిదో వారానికే అందరికీ చెప్పేసింది, తొమ్మిదో వారంలో పోయింది. రెండోసారి పదకొండులో. ఆ రోజు దీపక్ హాస్పిటల్ కార్ పార్కులో స్టీరింగు మీద తల పెట్టుకుని రెండు గంటలు లేవలేదు. ఆ దృశ్యం మళ్ళీ చూడటం ఆమె వల్ల కాదు. అందుకే ఈసారి మొగుడికి కూడా చెప్పలేదు. నలభై ఒకటో ఏట ఇదే ఆఖరి అవకాశమని డాక్టరు మర్యాదగానే చెప్పింది.

సెప్టెంబరు లాంగ్ వీకెండ్, శనివారం పొద్దున. వాళ్ళతో రావలసిన వెంకీ, దీపక్ ఆఫీసులో పనిచేసే బ్రహ్మచారి, సరిగ్గా బయల్దేరే వేళకి జ్వరమని ఫోన్ చేశాడు. పులిహోర డబ్బా పట్టుకుని గుమ్మం దాటబోతున్న శారదాంబ అక్కడే ఆగిపోయింది.

"అయితే మనం ముగ్గురమేనా? ముగ్గురు కలిసి ప్రయాణం కట్టకూడదురా."

"అమ్మా, ప్లీజ్. బుకింగ్స్ అన్నీ అయిపోయినయ్. నాన్-రిఫండబుల్."

"మానేద్దామన్నానా? ఉండు."

లెటర్‌బాక్సు చుట్టూ దీపక్ పోయించిన గోధుమరంగు గులకరాళ్ళలోంచి ఆవిడ ఒకటి ఏరింది. కోడిగుడ్డంత ఉంటుంది. కొంగుతో తుడిచి, లోపలికెళ్ళి పసుపు బొట్టు పెట్టి తెచ్చింది. ముగ్గురు వెళ్ళక తప్పకపోతే ఒక రాయిని నాలుగో మనిషిగా వెంట తీసుకెళ్ళడం వాళ్ళ ఇంటి పద్ధతి. "రా నాయనా, మాతోపాటు నువ్వూ," అని దాన్ని వెనక సీట్లో తన పక్కన జేబురుమాలు పరిచి కూర్చోబెట్టింది.

మనం ముగ్గురం కాదు అత్తయ్యా, అన్న మాట ఉదయ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. సరిగ్గా ఆ వెనక సీట్లోనే బేబీ సీటు బిగించాలని ఆమె మనసులో ఎప్పుడో అనుకుంది. ఆ చోట ఇప్పుడెవరో కూర్చున్నారనిపించింది.

బన్‌బరీ దాటాక కారు కీచుమనడం మొదలెట్టింది. వెనక సీట్లో ఎవరో బెల్టు పెట్టుకోలేదని హెచ్చరిక. దీపక్ పక్కకి ఆపి, దిగి, వెనక తలుపు తీసి చూశాడు. శారదాంబ బెల్టు పెట్టుకునే ఉంది. ఆవిడ పక్క సీట్లో రాయి తప్ప సంచీ కూడా లేదు.

"సెన్సర్ పోయినట్టుంది. మొన్నేగా సర్వీసింగ్‌కిచ్చా, వెధవలు."

కారు కదిలితే మళ్ళీ అదే కీచు. అరగంట భరించాక శారదాంబ చెయ్యి చాచి, ఖాళీ సీటు బెల్టు లాగి, రాయి మీదుగా తెచ్చి క్లిప్పు నొక్కింది. టక్కున ఆగిపోయింది.

"కట్టమని అడుగుతోంది. కట్టాం," అని చకోడీల పొట్లం విప్పింది. దీపక్ నవ్వాడు. ఉదయ వెనక్కి తిరగలేదు.

ఆ రెండు రోజుల్లోనూ ఆమె ఆ రాయిని ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. దారిలో చాక్లెట్ ఫ్యాక్టరీలో అమ్మాయి రుచి చూడమని పటకారుతో ముక్కలు పెట్టింది. దీపక్‌కి ఒకటి, ఉదయకి ఒకటి, శారదాంబకి ఒకటి, నాలుగోది పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక ఒక్క క్షణం అటూ ఇటూ చూసి శారదాంబ చేతిలోనే పెట్టేసింది. రెండు సముద్రాలు కలిసేచోట లైట్‌హౌస్ దగ్గర గాలి మనిషిని నిలవనివ్వడంలేదు. "ఇటేపు నీళ్ళు మన సూర్యలంకదాకా పోతాయట్రా?" అని శారదాంబ చిన్నపిల్లలా అడుగుతోంది. అక్కడొక తెల్లాయన వాళ్ళకి ఫోటో తీసిపెడతానన్నాడు. ఫోన్ పైకెత్తి, చేత్తో సైగ చేస్తూ, వెనకున్నవాళ్ళు కాస్త ముందుకి రావాలన్నాడు. వాళ్ళ వెనక రెయిలింగూ సముద్రమూ తప్ప ఏమీ లేవు. ఫోటోలో ముగ్గురే ఉన్నారు. ఉదయ దాన్ని వేళ్ళతో పెద్దది చేసి మూడుసార్లు చూసింది.

ఆమెకి ఈ చాదస్తాల మీద నమ్మకం లేదు. ల్యాబ్‌లో రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషి. అయినా లెక్క ఆమెని వదల్లేదు. ముగ్గురూ, కడుపులో ఒకరూ, రాయీ కలిస్తే అయిదు. చూసినవాళ్ళందరికీ నలుగురే తోస్తున్నారు. అంటే ఒకళ్ళని లెక్కలోకి తీసుకోవడంలేదు. ఎవర్ని? నాలుగోవాడి చోటు రాయికిచ్చేశాక తన బిడ్డకి చోటెక్కడ? భయం ఆమెని లోపల్లోపల కోసేసింది. ఆ రాయిని వదిలించుకోవాలని రాత్రి భోజనం దగ్గరే నిశ్చయించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గుహకి బయల్దేరారు. దారంతా కారీ అనే నీలగిరి జాతి చెట్లు. తెల్లగా, నున్నగా, బెరడు ఊడిపోయి, నూట యాభై అడుగుల ఎత్తుదాకా కొమ్మ అన్నది లేకుండా నిటారుగా నిలబడ్డాయి. కారు దిగితే పిట్ట కూత కూడా లేదు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే శారదాంబ అక్కడ గొంతు తగ్గించింది. గుహలోకి మూడొందల మెట్లని విని, మోకాళ్ళు పట్టుకుని టికెట్ల గది ముందు బెంచీ మీద కూలబడింది.

"మీరిద్దరూ వెళ్ళి రండి. నేనిక్కడ ఈ చెట్లతో కబుర్లు చెప్పుకుంటా."

నీళ్ళ సీసా కావాలని ఉదయ అత్తగారి సంచీ అందుకుంది. సీసాతోపాటు, ఆవిడ రుమాల్లో చుట్టి అందులో పెట్టుకున్న రాయిని తీసి కోటు జేబులో వేసుకుంది. చల్లగా ఉంది. ఆమె అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది.

గైడు తెల్లగడ్డం పెద్దాయన. ఇనపగేటు దగ్గర నిలబడి, లోపలికి పోయేవాళ్ళని కుటుంబాలవారీగా వేలు చూపిస్తూ పైకి లెక్కపెడుతున్నాడు. వీళ్ళ దగ్గరికొచ్చి "త్రీ" అన్నాడు.

"టూ, మేట్," అన్నాడు దీపక్.

"సారీ. మీతో చిన్నపిల్లెవరో ఉన్నట్టనిపించింది," అన్నాడాయన. చీటీ మీద కొట్టేసి రాసుకున్నాడు.

ఉదయ జేబులో పిడికిలి బిగించింది. లోపల లైట్ల వెలుగులో సున్నపురాయి పైనుంచి సూదుల్లా వేలాడుతోంది. అడుగున చెక్కల దారి పక్కగా ఒక సన్నటి వాగు, చప్పుడు లేకుండా పారుతోంది. దాని నిండా గోధుమరంగు గులకరాళ్ళు. ఇక్కడ ఇంకొకటి పడితే ఎవరికి తెలుస్తుంది అనుకుంది.

చివరి మలుపులో గైడు అందర్నీ ఆపాడు. ఈ నేల మీద ఎంతోమంది వైన్ కోసం వస్తారనీ, నేల కింద ఏముందో ఎవరూ అడగరనీ చెప్పి, ఒక్క నిమిషం దీపాలార్పుతానన్నాడు. ఆర్పాడు. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. జనం కిసుక్కున నవ్వి, తర్వాత నవ్వడం మానేశారు. ఉదయ రెయిలింగు మీదుగా చెయ్యి చాచి వేళ్ళు విప్పింది.

రాయి పడిన చప్పుడు రాలేదు. ఆమె ఊపిరి బిగబట్టి వింది. నీళ్ళలో పడినట్టుగానీ, రాళ్ళమీద తగిలినట్టుగానీ ఏమీ లేదు. కింద ఎవరో చేతుల్లోకి అందుకున్నట్టే అయింది. దీపాలు వెలిగాయి.

మెట్లన్నీ ఎక్కి పైకొచ్చాక గేటు దగ్గర గైడు మళ్ళీ లెక్కపెట్టాడు. వీళ్ళని చూసి "టూ" అని, ఆగి, ఉదయ వెనక్కి తొంగి చూశాడు. మీతో ఇంకొకరున్నారు కదా అన్నట్టు కనుబొమలెత్తాడు. అంతలోనే చీటీ చూసుకుని, తల గోక్కుని, దారిచ్చాడు. ఉదయ చెయ్యి తనంతట తానే పొట్ట మీదికి వెళ్ళింది. వదిలించుకుంది రాయినేనా? ఆ ప్రశ్నతో బెంచీదాకా ఎలా నడిచిందో ఆమెకి తెలియదు.

అక్కడ శారదాంబ సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ రుమాలు చేత్తో పట్టుకుని కూర్చుంది.

"రాయేదమ్మాయ్?"

"పారేశానత్తయ్యా."

"ఎక్కడ?"

"లోపల. కింద నీళ్ళల్లో." ఉదయకి ఏడుపు ఆగలేదు. "నేను ప్రెగ్నెంట్ అత్తయ్యా. మనం ముగ్గురం కాదు. మీరు దాని చోట్లో రాయిని కూచోబెట్టారు. నాకు భయమేసింది."

దీపక్ పక్కనున్న చెట్టుని పట్టుకున్నాడు. శారదాంబ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆవిడ ముఖంలో రక్తం లేకుండా పోయింది, అది వేరే కారణానికి.

"కడుపుతో ఉన్నావని నాకు తెలుసే. ఇరవై రోజుల్నించీ పోపు పెడితే చాలు కిటికీ తీస్తున్నావు. ముగ్గురమని కాదు రాయిని తీసుకుంది. నలుగురమని తెలిసే తీసుకున్నా."

"మరి?"

"రెండుసార్లు పోగొట్టుకున్నాం. నీ వెనక ఏ కన్ను పడిందో ఏమో. లెక్కపెట్టేదేదైనా ఉంటే నాలుగోది రాయేనని చూసుకుని పోవాలని, నా మనవడి మీద దాని చూపు పడకూడదని పెట్టా. నువ్వు చెప్పేదాకా అడక్కూడదని ఊరుకున్నా. నాదే తప్పు. నోరు తెరిచి ఒక్క మాటన్నా సరిపోయేది."

"పారేస్తే ఏమవుద్దమ్మా?" అని అడిగాడు దీపక్.

శారదాంబ కొడుకు వైపు చూడకుండా కోడలి చెయ్యి పట్టుకుంది. "మనతో బయల్దేరినవాళ్ళు మనతోనే ఇల్లు చేరాలి. రాయైనా సరే, తెచ్చి గుమ్మంలో దింపాలి. నడిదార్లో వదిలేసి పోతే దాని చోటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోకి ఇంకొకళ్ళని అడుగుతారు. వెళ్ళి తెచ్చుకో తల్లీ. పొద్దు పోకముందే."

మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషి ఇంకేమీ ఆలోచించలేదు, పరుగెత్తింది. గైడు గేటుకి తాళం వేస్తున్నాడు. ఇంటినుంచి తెచ్చినదొకటి లోపల పడిపోయిందని, అది లేకుండా వెళ్ళలేనని చెప్పింది. ఏమిటని అడిగాడు. రాయి అంది. పిచ్చిదని నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు. ఇక్కడిది ఏదీ బయటికి పోకూడదు, బయటిది ఏదీ ఇక్కడ ఉండకూడదు అని తాళం తీశాడు.

ఇద్దరే దిగారు. చివరి మలుపు దగ్గర ఉదయ చెక్కల మీద బోర్లా పడుకుని, రెయిలింగు సందులోంచి చెయ్యి నీళ్ళలో పెట్టింది. భుజందాకా చలి పాకింది. గైడు టార్చి పట్టుకున్నాడు. వందల రాళ్ళు. అన్నీ గోధుమరంగే, అన్నీ గుడ్డంత. పసుపు బొట్టు ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. ఏది మనది? అప్పుడర్థమైంది ఆమెకి, తానెంత పాపిష్టి పని చేసిందో. తమతో వచ్చినదాని ముఖం కూడా ఆమె సరిగ్గా చూడలేదు. గుర్తుపట్టడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

టార్చి ఆరిపోయింది. గైడు ఏదో గొణుగుతూ దాన్ని అరచేత్తో తడుతున్నాడు. గుహలో దీపాలూ లేవు. ఉదయ చెయ్యి నీళ్ళలో తెరుచుకునే ఉంది. ఆ తెరిచిన చేతిలో ఏదో పెట్టినట్టయింది. ఆమె వెతకలేదు, ముట్టుకోలేదు, వేళ్ళు కదపలేదు. బరువైనదేదో అరచేతి మధ్యకి వచ్చి ఆగింది. కొంచెం సేపటికి ఆమె పిడికిలి మూసింది.

టార్చి వెలిగింది. చేతిలో గోధుమరంగు గులకరాయి.

పైకొచ్చాక గేటు దగ్గర గైడు అలవాటుకొద్దీ వేలు ఎత్తాడు. తనని తాను చూపించుకుని "వన్", ఆమెని చూపించి "టూ", ఆమె పక్కన గాలిలోకి చూపించి "త్రీ" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. ఇంకో మాట మాట్లాడకుండా తాళం వేసి, తన ట్రక్కు వైపు గబగబా నడిచిపోయాడు.

శారదాంబ బెంచీ మీదనుంచి లేచి నిలబడి ఉంది. "అదేనా?" అంది.

"అదే," అంది ఉదయ.

జీవితంలో ఆమె ఆడిన అబద్ధాల్లో అంత చిన్నది లేదు. శారదాంబ తడిరాయిని అరచేతిలో పెట్టుకుని కాసేపు అలాగే చూసింది. తర్వాత రుమాల్లో చుట్టి, కారులో తన పక్కన పెట్టి, బెల్టు కట్టింది. ఆ రాత్రికి బుక్ చేసిన గది వదిలేసి తిన్నగా ఇంటికొచ్చేశారు. దీపక్ దారంతా ఎడమచేత్తో ఉదయ చెయ్యి పట్టుకునే కారు నడిపాడు. ఇంటి గుమ్మంలో శారదాంబ రాయిని రెండు చేతులా దింపి, నీళ్ళు పోసి, తులసికుండీ మొదట్లో పెట్టింది.

పదకొండో వారం గడిచింది. పన్నెండు గడిచింది. ఇరవయ్యో వారం స్కాన్‌లో దీపక్ మొహం చూసి ఉదయ మనసారా ఏడ్చింది, ఈసారి సంతోషంతోనే. ఏప్రిల్ రెండోవారంలో మగపిల్లాడు పుట్టాడు. మూడు కిలోల నాలుగొందల గ్రాములు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. పుట్టగానే ఏడవలేదని నర్సులు కంగారుపడ్డారుగానీ, ఊపిరి బాగానే తీస్తున్నాడు, ఏడవలేదంతే. అరచేతులు మాత్రం ఎంత చుట్టినా చల్లగానే ఉంటాయి. వార్డులో దీపాలార్పితే మిగతా పిల్లలు ఏడుపందుకునేవాళ్ళు. వీడు అప్పుడే కళ్ళు పూర్తిగా తెరిచి, ఎదుటి చీకట్లోకి తెలిసినవాళ్ళని చూసినట్టు చూసేవాడు. ఉదయ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు ఇంటికి తెచ్చారు. వెనక సీట్లో, బిగించిన బేబీ సీట్లో వాడు కదలకుండా వచ్చాడు. దీపక్ సామాను దింపుతున్నాడు. శారదాంబ దిష్టి తియ్యడానికి ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. గడప ముందు ఉదయ కాళ్ళు ఆగిపోయాయి. ఏడు నెలలుగా దాచుకున్న మాట ఇక ఆగలేదు.

"అత్తయ్యా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. అది మన రాయో కాదో నాకు తెలీదు. నేను తియ్యలేదు. నా చేతిలో పెట్టారు."

"మనది కాదు," అంది శారదాంబ నెమ్మదిగా. "నువ్వు నా చేతికివ్వగానే తెలిసింది. మనది ఇంత బరువు లేదు."

ఉదయ చేతుల్లో పిల్లాడు కళ్ళు తెరిచాడు. "తెలిసీ ఎందుకు తెచ్చారు? ఎవర్ని తెచ్చాం అత్తయ్యా?"

శారదాంబ వాడి ముఖంలోకి చాలాసేపు చూసింది. పళ్ళెం మూడుసార్లు తిప్పి, నీళ్ళు పక్కకి పారబోసి, తలుపు బార్లా తెరిచింది.

"నిన్ను నమ్ముకుని అంత దూరంనుంచి వచ్చాడు. వాకిట్లో నిలబెట్టి నువ్వెవరని అడుగుతామా? లోపలికి తీసుకురా."

ఉదయ పిల్లాణ్ణి గుండెలకి హత్తుకుని కుడికాలు లోపల పెట్టింది.